బాపు బిర్రు, మామ లూజు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టాలంటే మనిషి నెత్తిన కొన్ని తెల్లవెంట్రుకలైనా ఉండాలని మా అవ్వ అభిప్రాయం. ఆ లెక్కన ముప్పై నిండని నాకు ఆ మాట వాడే హక్కు లేదు. కానీ తెలంగాణ వచ్చిన కొత్తలో, దేవరకొండ దగ్గరి మా పల్లె నుంచి ఇంటర్మీడియట్ చదవడానికి నేను సైకిలు తొక్కుకుంటూ పోయిన కాలం ఇప్పుడు తలుచుకుంటే, అది నాకే జరిగిందా, ఎవరైనా చెబితే విన్నానా అన్నంత దూరంగా కనిపిస్తుంది. అప్పుడు నాకు రెండు జడలు, చున్నీ నిండా పిన్నీసులు, ముక్కు మీద ఎప్పుడూ సిద్ధంగా ఒక కోపం. (ఆ కోపం బాపు వైపు నుంచి వచ్చిందని అమ్మ, అమ్మ వైపు నుంచి వచ్చిందని బాపు.) నేను చెప్పబోయేది సైకిలు చైను గురించి. అయితే కోపాన్నీ చైనునూ విడదీసి చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు.

మా ఊరికి బస్సు లేదని కాదు. కాలేజీ గంట కొట్టాక తీరిగ్గా వచ్చేది, కాలేజీ వదలకముందే తిరిగి వెళ్ళిపోయేది. ఆటోలైతే డ్రైవరు పక్కన కూడా మనుషులు వేలాడితే తప్ప కదిలేవి కావు. పదో తరగతి అయ్యాక నా చదువు మీద ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. బాపు పత్తీ కందీ వేసే మెట్ట రైతు. వాన కురిసిన ఏడు గట్టిగా, కురవని ఏడు మెల్లగా మాట్లాడే మనిషి. ఆ ఏడు బాగా మెల్లగా అన్నాడు: "సదువుకోవద్దని నేనంటున్ననా? పోయొచ్చే తొవ్వ చూపియ్యిండ్రి, పంపుత." తొవ్వ అంటే సైకిలు. సైకిలు నడిస్తే కాలేజీ, నడవకపోతే ఇంటిపట్టున అవ్వకు తోడు, ఇదీ తీర్పు. అందుకే తరువాత ఆ చైను ఊడిన ప్రతిసారీ నా చదువే ఊడి రోడ్డు మీద పడ్డట్టు అనిపించేది.

సైకిలు తెచ్చింది మామ. మామ అంటే అమ్మకు తమ్ముడు. మా వాడలోనే, పిలిస్తే పలికేంత దూరంలో ఉంటాడు. చుట్టుపక్కల చేలల్లో బోరు మోటార్లు బాగుచేస్తాడు కాబట్టి ఇనుముతో చేసిన ఏ వస్తువైనా తన శాఖ కిందికే వస్తుందని అతని నమ్మకం. దేవరకొండలో ఎవరో పంతులుగారి బిడ్డ తొక్కి వదిలేసిన ఊదారంగు లేడీస్ సైకిలు పట్టుకొచ్చాడు. రంగు అక్కడక్కడా లేచిపోయింది. ముందు బుట్టకు నోటుబుక్కు జారిపడేంత చిల్లు. చైను మీద ఉండాల్సిన కవరు మా దాకా రానేలేదు. నేను మాత్రం దాన్ని పండుగ బట్టల్ని చూసినట్టు చూశాను. బాపు వాకిట్లో నిలబడి, సైకిలు వైపు కాకుండా సైకిలు పక్కనున్న గోడ వైపు చూస్తూ అన్నాడు: "ఎవరినడిగి తెచ్చిండ్రో అడుగు."

అడగమన్నది నన్ను. మామ రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. కానీ అప్పటికి కొన్ని నెలలుగా బాపుకూ మామకూ మాటల్లేవు. కారణం చెబితే మీరు నవ్వుతారు, ఆ ఇద్దరి ముందు మాత్రం నవ్వకండి. అంతకుముందు ఎండాకాలం మామ పెండ్లి అయింది. పెండ్లి వీడియో వచ్చినప్పుడు వాడకట్టు అంతా మా ఇంట్లోనే టీవీ ముందు కూర్చున్నారు. పొద్దుగూకేదాకా నడిచిన ఆ వీడియోలో వంటవాళ్ళు కనిపించారు, బ్యాండు వాళ్ళు కనిపించారు, పందిరి కింద పడుకున్న కుక్క కూడా చాలాసేపు కనిపించింది. పెండ్లికొడుకు బావ మాత్రం కనిపించలేదు. ఒకే ఒక్క చోట, తలంబ్రాల పళ్ళెం అందిస్తున్న ఒక చెయ్యి వచ్చింది. "గది నాదే" అన్నాడు బాపు, వాచీ గుర్తుపట్టి. తరువాత లేచి చేనుకు వెళ్ళిపోయాడు. "వీడియో తీసింది నేనా? నేను పీటల మీద కూసున్న గదా!" అని మామ వాదన. "బావ యాడున్నడని ఒక్కపాలి గూడ అడగలె" అని బాపు వాదన. రెండూ సబబైన వాదనలే కావడం వల్ల ఆ గొడవకు అంతు లేకుండా పోయింది. అప్పటి నుంచి ఇద్దరూ వాకిట్లో ఎదురుపడితే నా ద్వారా మాట్లాడుకునేవారు. "మీ మామకు చెప్పు." "మీ బాపుకు చెప్పు." నేను చెప్పాల్సిన పనేం ఉండేది కాదు. ఇద్దరికీ వినిపించేది. అయినా మర్యాద కోసం నేను ఒకసారి ఇటు, ఒకసారి అటు తల తిప్పేదాన్ని.

సరిగ్గా ఈ పరిస్థితిలోకి వచ్చి పడింది ఆ చైను. మొదటి వారంలోనే రెండుసార్లు ఊడింది. బాపు దాన్ని వేలితో ఎత్తి చూసి, "చైనన్నంక బిర్రుగుండాలె" అన్నాడు. (బిర్రుగా అంటే మా దిక్కున గట్టిగా, బిగుతుగా అని.) పెండ్లికి ముందు బాపు సైకిలుకు పాల క్యాన్లు కట్టుకుని దేవరకొండ దాకా పోసి వచ్చేవాడట, కాబట్టి సైకిలు విషయంలో తన మాటే ఆఖరు మాట. మామ పద్ధతి వేరు. "బిర్రుగ పెడితే చైను తెగుతది, చక్రం పండ్లరుగుతయి, పిల్ల మోకాళ్ళు పోతయి. మనిషికి లెక్కనే చైనుకు గూడ జర ఊపిరాడాలె. మీ బాపుకు చెప్పు." వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే నట్లు వదులు చేసి, చక్రాన్ని వెనక్కి గుంజితే చైను బిగుస్తుంది, ముందుకు తోస్తే వదులవుతుంది. లోకంలో ఇంత సులువైన పని ఇంకోటి లేదు. అందుకే ఇద్దరికీ చేతనయింది.

ఆ తరువాత నా సైకిలుకు ఏదో సోకినట్టయింది. ఒకరోజు ఎక్కితే పెడలు నాటు వేసిన మడిలో కాలు పెట్టినట్టు ముందుకు కదిలేది కాదు. కాలేజీకి చేరేసరికి మోకాళ్ళు పట్టేసి, మెట్లెక్కుతుంటే స్నేహితురాళ్ళు "ఏందే, మీ అవ్వ నడిచినట్టు నడుస్తున్నవ్" అనేవారు. మరునాడు ఎక్కితే పెడలు గాలిలో తిరిగినట్టు తేలిగ్గా తిరిగేది, కొంతదూరం పోయాక టకామని చైను ఊడిపోయేది. ఇంకో రోజు మళ్ళీ బరువు. నేను సైకిలుకు మనసుందని, దానికి నేనంటే పడదని అనుకున్నాను. అవ్వ దిష్టి అంది. హ్యాండిలుకు నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ కట్టింది. దారం తెగి, బుట్ట చిల్లులోంచి ఆ నిమ్మకాయ తోవలో ఎక్కడో జారిపోయింది గాని, సైకిలు తీరు మారలేదు.

అసలు సంగతి ఒక ఆదివారం తెలిసింది. ఫిజిక్స్ పుస్తకం పట్టుకుని, వాకిట్లో కందులు పోసే గుమ్మి చాటున కూర్చున్నాను. (అక్కడ కూర్చుంటే ఎవరూ పనికి పిలవరు.) పొద్దున్నే చాయ్ తాగడానికి వచ్చిన మామ, గ్లాసు గోడ మీద పెట్టి, అటూ ఇటూ చూసి, జేబులోంచి పానా తీశాడు. కర్ కర్ అని నట్లు తిప్పి, చక్రాన్ని ముందుకు తోసి, ఏమీ ఎరగనట్టు గ్లాసు తీసుకున్నాడు. సాయంత్రం చేను నుంచి వచ్చిన బాపు కాళ్ళు కడుక్కోవడానికి అని వెనకకు వెళ్ళి, పాతకాలం పానా ఒకటి తీసుకొచ్చి, చక్రాన్ని వెనక్కి గుంజి బిగించాడు. పని అయ్యాక కాళ్ళు కడుక్కోవడం మరిచిపోయి లోపలికి వెళ్ళాడు. రోజూ ఇదే నడుస్తోందన్నమాట! ఏ రోజు ఎవరి చెయ్యి ఆఖరిదైతే ఆ రోజు నా బతుకు అలా ఉండేది.

నేను అగ్గిలా వంటింట్లోకి వెళ్ళాను. "అమ్మా, నీకు తెలుసా?" అన్నాను. అమ్మ రొట్టె తిప్పుతూ, "ఏందే?" అంది. ఆ అడగడంలోనే తెలుసని తెలిసిపోయింది. "తెలిసి గూడ ఊకున్నవా? నా కాళ్ళు పోతున్నయి!" అమ్మ నా వైపు చూడకుండానే అంది: "ఆ చైను లేకపోతే నా తమ్ముడు ఈ ఇంటికి ఎందుకొస్తడే? మీ బాపు ఉన్నప్పుడు వాడు గడప తొక్కక ఎన్ని దినాలైతుండె. ఇప్పుడు పానా పట్టుకొనైనా రోజొస్తుండు. జర ఓర్సుకో బిడ్డా." ఓర్చుకున్నాను. కొన్నాళ్ళు నా మోకాళ్ళు మా అమ్మ పుట్టింటిని మోశాయి.

అలా రెండో ఏడు ప్రాక్టికల్ పరీక్షలు వచ్చాయి. ఫిజిక్స్ ప్రాక్టికల్ రోజు పొద్దున్నే తలస్నానం చేసి, రికార్డు బుక్కు బుట్టలో జారకుండా గోనెసంచి ముక్క పరిచి, బయలుదేరాను. ముందురోజు సాయంత్రం బాపు మామూలు కంటే గట్టిగా బిగించాడట, పరీక్షకు చైను ఊడకూడదని. తెల్లారగానే మామ వదులు చేశాడట, పరీక్షకు పిల్ల అలసిపోకూడదని. అయితే అమ్మ వాకిలి ఊడ్వడానికి వస్తున్న చప్పుడు విని, తొందరలో ఒక పక్క నట్టు సరిచేసి రెండో పక్కది వదిలేశాడు. ఇవన్నీ నాకు తరువాత తెలిసిన విషయాలు. అప్పుడు తెలిసిందల్లా ఏమిటంటే, దేవరకొండ కోటగోడ కనిపించే మలుపు దగ్గర, ఎక్కుడు తోవలో, వెనక చక్రం అడ్డంగా తిరిగి, చైను ఊడి, చిన్న పండ్ల చక్రానికీ ఇనుప కడ్డీకీ మధ్య ఇరుక్కుపోయింది. నేను గుంజాను. అది కదల్లేదు. నా చేతులు మాత్రం మోచేతుల దాకా నల్లబడ్డాయి. ఏడుపు వచ్చింది. ఏడిస్తే కళ్ళు తుడుచుకోవాలి, తుడుచుకుంటే మొహం కూడా నల్లబడుతుందని ఆపుకున్నాను.

అంతలో వెనక నుంచి మోపెడు చప్పుడు. బాపు. "ఏమైంది బిడ్డా?"

"నువ్వెందుకొచ్చినవ్ బాపూ?"

"యూరియాకు పోతున్న." ఆ కాలంలో చేలో యూరియా అడిగే పైరేదీ లేదు. నేను ఆ మాట అనేలోపలే ఇంకో బండి చప్పుడయింది. మామ. అతను మోటారు బాగుచేయడానికి పోతున్నాడట. "యాడుంది మామా ఆ మోటరు?" అన్నాను. "గీడనే, ముంగట" అని చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి ఊపిన వైపు గుట్ట తప్ప ఏమీ లేదు. ఇద్దరూ నా వెనకాలే వచ్చారు, ఎవరి పనితనం గెలుస్తుందో కళ్ళారా చూడటానికి!

"ఎక్కు బిడ్డా, కాలేజీ కాడ దింపుత" అని బాపు మోపెడు మీద ముందుకు జరిగాడు.

"కోడలా, నా బండి జల్ది పోతది. ఎక్కు" అని మామ సీటు తుడిచాడు.

"మీ మామకు చెప్పు, బిడ్డను దింపనీకి తండ్రున్నడని."

"మీ బాపుకు చెప్పు, ఆ మోపెడెక్కితే పరీక్ష ఒడిసినంక చేరుతదని."

తెలివైన పిల్ల ఎవరైనా ఏదో ఒక బండెక్కి పోతుంది. నేనూ ఒక కాలు ఎత్తాను. ఎత్తిన కాలు ఎటు వెయ్యాలో తెలియలేదు. బాపు బండెక్కితే మామ ఇక ఆ పానాతో కూడా మా గడప తొక్కడు. మామ బండెక్కితే, వీడియోలో కనిపించని మనిషి కన్నబిడ్డకు కూడా కనిపించనట్టే. రొట్టె తిప్పుతున్న అమ్మ వీపు కళ్ళ ముందు మెదిలింది. అప్పుడు వచ్చింది నాకు కోపం. ఏ వైపు నుంచి వచ్చిందో గాని, రెండు వైపుల నుంచీ కలిసి వచ్చినట్టుంది.

"నేనెవరి బండీ ఎక్క!" అని అరిచాను. మేకలు తోలుకుపోతున్న ఒక పెద్దమనిషి అక్కడే ఆగిపోయాడు. "ఒకరు బిర్రుగ జేస్తరు, ఒకరు లూజు జేస్తరు, నడుమ సచ్చేది నేను! ఇద్దరు దిగుండ్రి. ఇద్దరు గల్సి బాగుజేస్తెనే పోత. లేకుంటే పరీక్ష వద్దు, సదువొద్దు, గీ మలుపు కాడనే కూసుంట!" అని నిజంగానే రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాను. (వాళ్ళు సరే కూర్చోమంటే ఏం చేయాలో నాకు తెలియదు.)

ఇద్దరూ దిగారు. సైకిలును బోర్లించి సీటు మీద నిలబెట్టారు. మామ పానాతో నట్లు వదులు చేశాడు, బాపు ఇరుక్కున్న చైనును బయటికి లాగాడు. అంతవరకూ మాట లేకుండానే సాగింది. ఇక బిగించే దగ్గర మళ్ళీ మొదలు. "చూడు బిడ్డా, ఎంత లూజున్నదో" అని బాపు చైను ఎత్తి చూపించాడు. నిజమే, వేలాడుతోంది. మామ పెడలు సగం చుట్టు తిప్పి, "చూడు కోడలా, ఎంత బిర్రున్నదో" అన్నాడు. నిజమే, తీగలా బిగిసి ఉంది. నేను రాయి మీది నుంచి లేచాను. "ఉండుండ్రి" అని చైను పక్కనున్న పెడలు పట్టుకుని మెల్లగా తిప్పాను. పెడలు పైకొచ్చినప్పుడు చైను బిగుసుకుంటోంది, కిందికి పోయినప్పుడు వేలాడుతోంది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ అంతే. పెడలు దగ్గరి పెద్ద పండ్ల చక్రం గుండ్రంగా లేదు, ఎప్పుడో ఎక్కడో పడి, కోడిగుడ్డులా సాగింది. ఒక్క చుట్టులోనే ఒక చోట బిర్రు, ఒక చోట లూజు. బాపు ఎప్పుడూ పెడలు కిందున్నప్పుడు చూశాడు, మామ ఎప్పుడూ పైనున్నప్పుడు చూశాడు. ఇన్నాళ్ళూ ఇద్దరూ నిజమే చెప్పారు!

"నేను చెప్పలే?" అన్నారు ఇద్దరూ ఒకేసారి, నాతో.

"బిర్రున్న కాడ జర ఆడేటట్టు పెట్టుండ్రి. లూజున్న కాడ ఊడితే నేను ఎక్కించుకుంట" అన్నాను. బాపు చక్రాన్ని పట్టుకుని వెనక్కి గుంజాడు. మామ ఒక చేత్తో పానా పట్టుకుని, ఇంకో చేత్తో చైను కూర్చుందో లేదో చూడటానికి పెడలు తిప్పాడు. బాపు అదే సమయంలో చైను బిగువు చూడటానికి వేలు పెట్టాడు. వేలు చైనుతో పాటు పండ్ల వైపు పోతోంది.

"బావా! వేలు! వేలు తియ్యి బావా!"

"తీసిన తియ్‌రా, మొత్తుకోకు!"

బాపు వేలు చూసుకున్నాడు. గోరు అంచు నల్లబడింది, అంతే. తరువాత మామ వైపు చూశాడు. మామ పానా వైపు చూశాడు. మేకల పెద్దమనిషికి సంగతి తెలియదు గాని, ఏదో జరిగిందని అర్థమై తను కూడా కదలకుండా నిలబడ్డాడు. చివరికి మామ, "ఎడమ దిక్కు జర గుంజు బావా, చక్రం అడ్డముంది" అన్నాడు. "గుంజుతున్న గదరా. నువ్వు ముందుగాల ఆ నట్టు పట్టు" అన్నాడు బాపు. అంతే. తరువాత ఆగలేదు. పానా పట్టుకునే తీరు దగ్గర్నుంచి బావ మోపెడులో నూనె మార్చని సంగతి దాకా, అన్నాళ్ళుగా ఆపుకున్నదంతా ఆ రెండు నట్లు బిగించేలోపల అనుకున్నారు.

నేను కాలేజీ చేరేసరికి లోపల అందరూ ప్రయోగాలు మొదలుపెట్టేశారు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు నా చేతులు చూసి, "ఏమ్మా, మెకానిక్ షెడ్డు నుంచి వస్తున్నావా?" అన్నాడు. "అవును సార్" అన్నాను, అబద్ధం చెప్పే ఓపిక లేక. పాపం ఆయన చేతులు కడుక్కు రమ్మన్నాడు. ఎంత కడిగినా పోలేదు. నా జవాబు పత్రం మీద గ్రాఫు గీతల కంటే నా వేలిముద్రలే స్పష్టంగా పడ్డాయి. అయినా మార్కులు బాగానే వేశాడు. జాలికి వేశాడో, గ్రాఫు కనిపించక వేశాడో నాకు తెలియదు.

సాయంత్రం ఇంటికి వస్తే వాకిట్లో మంచం మీద బాపు ఒక చివర, మామ ఒక చివర కూర్చుని, ఆ పండ్ల చక్రం మార్చాలా, సుత్తెతో కొట్టి సరిచేయాలా అని గొడవపడుతున్నారు. ఊరంతా వినిపించేలా, నేరుగా. అవ్వ చెవులు మూసుకుని, "మాట్లాడకుంటనే నిమ్మలముండె" అంది. అమ్మ చాయ్ గ్లాసులు వాళ్ళ ముందు పెట్టి లోపలికి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళేసరికి, మంట లేని పొయ్యిని ఊదుతూ కూర్చుంది. "ఏందమ్మా?" అంటే, "పొగనే" అంది.

ఇంటర్ అయ్యాక నేను నర్సింగు చదవడానికి మహబూబ్‌నగర్ వచ్చాను, ఇక్కడే దవాఖానలో ఉద్యోగం దొరికింది. ఇప్పుడు నాకు స్కూటీ ఉంది. అది ఏ మాత్రం చప్పుడు చేసినా నేను దాని వైపు వంగి కూడా చూడను. షెడ్డుకు తీసుకెళ్ళి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఫోను చూసుకుంటూ, "అన్నా, జర ఎప్పటికైతదో చెప్తవా?" అని వీలైనంత మెత్తగా అడుగుతాను. వార్డులో పెద్ద డాక్టరు ఏదైనా తప్పు చెబితే, అది తప్పని చెప్పడానికి మధ్యాహ్నం దాకా మాటలు కూడబెట్టుకుంటాను. మంచిదే, లోకంలో అలాగే నడుచుకోవాలి, నాకూ ఆ మాత్రం బుద్ధి వచ్చింది. కానీ అప్పుడప్పుడు డ్యూటీ అయ్యాక చేతులు కడుక్కుంటుంటే, మోచేతుల దాకా గ్రీజుతో, పరీక్ష ముంచుకొస్తుంటే నడిరోడ్డు మీద ఇద్దరు పెద్దమనుషుల్ని బండ్ల మీది నుంచి దింపిన ఆ రెండు జడల పిల్ల గుర్తొస్తుంది. నవ్వొస్తుంది. నిజం చెప్పాలంటే ఆ పిల్లంటే నాకు ఇప్పుడు కొంచెం భయం, ఇంకొంచెం ఈర్ష్య.